మీ ప్రశ్నలు – మా జవాబులు: లెవెల్ పెంచితే కంప్యూటర్‌కు తెలివి పెరుగుతుందా?

ప్రశ్న: సివిలైజేషన్ 6 అనే వ్యూహాల కంప్యూటర్ ఆటలో మధ్యస్థమైన ప్రిన్స్ లెవెల్‌ సులువుగా గెలుస్తున్నాను. అన్నిటికంటే కష్టమైన డెయిటీకి మారితే మొదట్లోనే సైన్యం వచ్చి మీద పడుతోంది. ఆ దాడి కాచుకుంటే చాలు, తర్వాత మళ్లీ అదే మొద్దు ఆట. లెవెల్ పెంచితే బాగా ఆడాలి కదండీ?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: లెవెల్ పెంచితే కంప్యూటర్‌కు పెరిగేది సొమ్మండీ, యుద్ధం చేసే తెలివి కాదు. డెయిటీలో మీరు నగరం స్థాపించే ఒక్క సెట్లర్‌తో మొదలుపెడితే అది మూడింటితో మొదలుపెడుతుంది. ఉత్పత్తి, బంగారం 80 శాతం ఎక్కువ, సైన్స్ 32 శాతం ఎక్కువ. పోరులో ప్రతి యుద్ధ దళానికీ, అంటే యూనిట్‌కూ 4 పాయింట్ల అదనపు బలం, అంటే కొట్టే దెబ్బ దాదాపు ఆరోవంతు పెరుగుతుంది. మొదట్లో మీరు చూసే ఉధృతి అంతా ఈ పెట్టుబడిదే.

తెలివి పెంచడం ఎందుకు కష్టమంటే, పులిజూదంలో ఒక వంతుకు ఒక్క కాయే కదులుతుంది. ఇక్కడ ఒక్క టర్నులో యూనిట్లన్నీ కదులుతాయి. పది యూనిట్లకు తలా ఇరవై దారులుంటే కలయికలు పది లక్షల కోట్లు దాటుతాయి. అన్నీ వెతకడం కుదరదు కాబట్టి ప్రతి యూనిట్‌కూ విడిగా, అప్పటికి మంచిదనిపించిన పని అప్పగిస్తారు. దానికి తోడు 2010లో వచ్చిన ఐదో భాగం నుంచి గడికి ఒకే యుద్ధ యూనిట్ అన్న నియమం. అంతకుముందు సైన్యాన్ని ఒకే గడిలో కుప్పగా నడిపించేవారు. ఇప్పుడు కొండల మధ్య సందులో ముందున్నది ఆగితే వెనకున్నవన్నీ ఆగిపోతాయి.

మా సలహా: డెయిటీ వదిలి రెండు మెట్లు కింద ఉన్న ఎంపరర్‌కు దిగండి (ఉత్పత్తి 40 శాతం, బలం 2 పాయింట్లు ఎక్కువ). మ్యాప్ పాంజియా (నేలంతా ఒకే ఖండం) పెట్టండి, ఓడల మీద సైన్యాన్ని దాటించడం కంప్యూటర్‌కు సరిగా రాదు. అతి నెమ్మదైన మారథాన్ వేగం వద్దు. అందులో కొత్త టెక్నాలజీ వచ్చేలోపు కదలికలు ఎక్కువ దొరుకుతాయి, కదలికల్లో మీరే మేలు. లక్జరీలు, అంటే విలాస వస్తువులు, కంప్యూటర్‌కు అమ్మి దాని ఖజానా ఖాళీ చేయడం కూడా మానండి. డెయిటీలో చాలామంది గట్టెక్కేది ఆ డబ్బుతోనే.

ప్రశ్న: మేం నలుగురం ఇంజినీరింగ్ విద్యార్థులం, ఆరు మూలల గళ్ల మీద చిన్న యుద్ధం ఆట రాస్తున్నాం. కంప్యూటర్ పక్షం యూనిట్లు ఒక్కొక్కటే వచ్చి చస్తున్నాయి. ఏం చేయాలి?
– కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: మంద వదిలిన మేక పులికి చిక్కినట్టే ఇదీ. ప్రతి యూనిట్ నేరుగా లక్ష్యానికి బయల్దేరితే, వేగం ఎక్కువున్న గుర్రం అందరికంటే ముందు, ఒంటరిగా చేరుతుంది. లక్ష్యానికి నాలుగైదు గళ్ల ఇవతల, శత్రువు దెబ్బ అందని చోట ఒక కూడలి పెట్టండి. అక్కడికి మూడు గళ్ల లోపు చేరిన కంప్యూటర్ పక్షం బలం శత్రుబలానికి 1.5 రెట్లు అయినప్పుడే కదలమనండి. వెనక్కి తగ్గే హద్దు మాత్రం 0.8 ఉండాలి. రెండింటికీ ఒకే అంకె పెడితే ఒక టర్ను ముందుకు, ఒక టర్ను వెనక్కి ఊగుతూ ఉంటాయి. 1.5 ఎప్పటికీ అందకపోతే అక్కడే కూర్చుండిపోతాయి, అందుకని ఆగిన ప్రతి టర్నుకూ 0.05 తగ్గించండి, 1 దగ్గర ఆపండి.

తర్వాత ప్రమాదపు పటం. శత్రువులు వచ్చే టర్నులో కదిలి కొట్టగల మొత్తం దెబ్బను ప్రతి గడికీ కూడి రాసుకోండి. ఆ మొత్తం తన ప్రాణాన్ని మించే గడిలో విలుకాడు టర్ను ముగించకూడదు.

దాడిలో పదిమందిని తలా కాస్త గాయపరచడం దండగ. సగం ప్రాణమున్న శత్రువు కూడా ఎదురుదెబ్బ తీస్తాడు. అందరూ కలిసి కొడితే ఈ టర్నులోనే చచ్చేవాడెవడో ముందు లెక్కగట్టండి. దూరం నుంచి కొట్టేవాళ్లు ముందు, కత్తివాళ్లు చివర. ఈ వరస తప్పితే కత్తివాళ్లు ముందే దెబ్బతింటారు, పైగా విలుకాళ్లకు కావలసిన గళ్లు మూసేస్తారు. నడకలో మాత్రం ముందు వరసలో ఉన్నవాళ్లే ముందు కదలాలి.

ఏ మార్పు చేసినా పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకదానితో ఒకటి ఆడించి చూడండి, పక్షాలు మార్చి. కొత్తది 100 ఆటల్లో 55 గెలిచిందని సంబరపడొద్దు, అంత తేడా అదృష్టంతోనూ వస్తుంది. 400 ఆటల్లో 220 గెలిస్తే నమ్మొచ్చు.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో నడిచే ఉచిత ఆట, కంప్యూటర్ తీరు మనమే మార్చుకోగలిగేది ఉందా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఉందండీ, బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే యుద్ధం ఆట. సినారియో ఫైలులో (ఒక్కో యుద్ధ ఘట్టాన్ని వర్ణించే ఫైలు) కంప్యూటర్ పక్షానికి అగ్రెషన్ (దూకుడు), కాషన్ (జాగ్రత్త) అని రెండు అంకెలుంటాయి. మీరేమీ రాయకపోతే 0.4, 0.25గా తీసుకుంటుంది. అగ్రెషన్‌ను 0.1కి దించితే తన నష్టాన్నీ లెక్కేసుకుని కొడుతుంది, 1 పెడితే తనవాళ్లు పోయినా పట్టించుకోదు. కాషన్ మరీ పెంచకండి, ముందుకు రావడానికే జంకుతుంది. మార్చేముందు ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోండి.