విట్బీలో రెండు రోజులు: మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లతో చర్చి, అబ్బీ, పబ్బులు ఏ వరసలో చూడాలి?

మీరు అడిగింది ఇదీ: లీడ్స్‌లో ఉంటున్నారు, జులై ఆఖరి వారంలో రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, రెండు రోజులు యార్క్‌షైర్ సముద్రతీరంలోని విట్బీ ఊరికి తీసుకెళ్లాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, మందు ముట్టరు. అమ్మగారు శాకాహారి. పాత కట్టడాలంటే ఇద్దరికీ ఇష్టం. ఊళ్లోంచి కొండ మీది చర్చికి వెళ్లే ఆ 199 మెట్లు ఎక్కించాలా వద్దా, పబ్బులోకి తీసుకెళ్లొచ్చా, ఏది వదిలేయొచ్చు అని మీ ప్రశ్న.

మొట్టమొదటి మాట. విట్బీ వెళ్లేవాళ్లలో చాలామంది కొండ మీది అబ్బీ (పాత క్రైస్తవ మఠం) శిథిలాల దగ్గర రెండు గంటలు గడిపి, పక్కనే ఉన్న సెయింట్ మేరీ చర్చిలోకి ఐదు నిమిషాలు తొంగిచూసి వచ్చేస్తారు. మీరు ఆ లెక్క తిరగేయండి. అబ్బీకి ముప్పావుగంట చాలు, చర్చికి గంట ఉంచుకోండి. అబ్బీలాంటి శిథిలాలు యార్క్‌షైర్‌లో ఇంకా ఉన్నాయి. లోపల ఓడలా ఉండే ఇలాంటి చర్చి మాత్రం ఇంకోటి దొరకదు.

మెట్ల సంగతి. ఎక్కడం ఆయాసం, దిగడం మోకాలికి పోటు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు "పైకి కారులో వెళ్లి కిందికి మెట్ల మీదుగా దిగండి" అని చాలామంది చెబుతారు, అది తప్పు సలహా. రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, తడిస్తే జారతాయి. పక్కనే ఉన్న గాడిదల బాట ఇంకా కష్టం, అంతా గుండురాళ్లు పరిచిన ఏటవాలు. మీరు ఎ171 రోడ్డు మీద నుంచి అబ్బీ పక్కనున్న కార్ పార్కుకు నేరుగా వెళ్లిపోండి. కారు లేకపోతే రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ ఎక్కండి. పైనుంచి చర్చి వరకు నడక కొద్దిపాటే. చూడటం అయ్యాక నాన్నగారిని మెట్ల తల దగ్గర నిలబెట్టి కిందికి చూపించండి, అంతవరకే. మధ్యమధ్యలో వెడల్పుగా, చదునుగా ఉన్న మెట్లు కనిపిస్తాయి. కింద ఊళ్లో చనిపోయినవాళ్లను పైన శ్మశానానికి మోసుకొచ్చేటప్పుడు శవపేటిక దించి ఊపిరి తీసుకోవడానికి కట్టినవి అవి. మన ఊళ్లలో దింపుడు కళ్లం గుర్తొస్తుంది చూస్తే. కాళ్లు బాగున్నవాళ్లు ఒక్కరే కిందికి దిగి, కారు ఉన్నవాళ్లు మిగతావారిని రోడ్డు మీదుగా కిందికి చేరిస్తే సరి.

పైకి వెళ్లే వేళ ముఖ్యం. చర్చి లోపల వెలుతురంటే కొవ్వొత్తులూ, కప్పులో ఉన్న అద్దాల కిటికీలూ. మబ్బు పట్టిన సాయంత్రం వెళ్తే చెక్కడాలు కనపడవు. పదకొండు, పన్నెండు మధ్య ఎండ బాగా పడే వేళ చూసుకోండి. ఆదివారం ఉదయం ప్రార్థన ఉంటుంది కాబట్టి ఆ పూట వద్దు. ప్రవేశానికి టికెట్ లేదు, విరాళం పెట్టె ఉంటుంది. అంత పాత చెక్కపని సముద్రపు గాలిలో నిలబెట్టడం తేలిక కాదు కాబట్టి అందులో తృణమో పణమో తప్పకుండా వేయండి.

లోపల ఏం చూడాలంటే: 1110 ప్రాంతంలో మొదలైన నార్మన్ కట్టడం ఇది, కానీ లోపలి చెక్కపని ఎక్కువగా 17, 18 శతాబ్దాలది. బెంచీల బదులు తలుపులున్న చెక్క గదుల్లాంటివి ఉంటాయి, వాటిని బాక్స్ ప్యూలు అంటారు. గోడలు ఎత్తుగా ఎందుకంటే, కొండ మీది చలిగాలి కాళ్లకు తగలకుండా. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. కొన్నింటి మీద "కొత్తవాళ్లకు మాత్రమే" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, రేవులో దిగిన నావికులు, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ కూర్చోవాలి. మధ్యలో 1778 నాటి మూడంతస్తుల ప్రసంగ వేదిక. దాని వెనకవైపు పొడవాటి గొట్టాలు రెండు వేలాడుతుంటాయి, చెవుడు వచ్చిన ఒక మతగురువు భార్య ప్రసంగం వినడానికి పెట్టించినవి. అమ్మగారికి వాటిని తప్పకుండా చూపించండి. ఇక ఊరి జమీందార్లయిన చోమ్లీ కుటుంబం, మెలి తిరిగిన స్తంభాల మీద తమ కోసం ఒక బాల్కనీ కట్టించుకుంది. అది సరిగ్గా గర్భగుడిలాంటి భాగానికి అడ్డంగా ఉంటుంది. దేవుడికీ భక్తులకూ మధ్య జమీందారు కూర్చున్నాడన్నమాట. తలెత్తి కప్పు చూడండి. ఓడల వడ్రంగులు చేసిన పని అది, ఓడ కేబిన్‌కి పెట్టినట్టే అద్దాలు పెట్టారు.

1861 ఫిబ్రవరి 9 నాటి లైఫ్‌బోట్ ప్రమాదపు స్మారక ఫలకం కూడా లోపలే ఉంది, వెతికి చూడండి. ఆ తుపాను రోజున 13 మంది సిబ్బంది ఐదుసార్లు వెళ్లి ఓడల వాళ్లను కాపాడుకొచ్చారు. ఆరోసారి పడవ తిరగబడి 12 మంది పోయారు. బతికిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే, నీళ్లలో తేల్చే కొత్త రకం బెండు జాకెట్ వేసుకున్నవాడు. ఆ తర్వాత ఆ జాకెట్లు వాడుకలోకి రావడానికి ఇదొక పెద్ద కారణం.

బయట శ్మశానంలో గట్టు అంచుకు పోకండి. కొండ కరుగుతోంది. భారీ వానలకు 2012, 2013 మధ్య చరియలు విరిగి పాత సమాధుల్లోని ఎముకలు బయటపడ్డాయి. సమాధి రాళ్ల మీద అక్షరాలు ఉప్పుగాలికి తేనెపట్టులా గుల్లబారి ఉంటాయి, చెయ్యి పెట్టి రుద్దకూడదు. ఇంకో మాట, డ్రాకులా సమాధి ఎక్కడని అక్కడివాళ్లను అడగొద్దు. అది 1897 నాటి నవలలో పాత్ర, సమాధి లేదు. రోజూ ఆ ప్రశ్న విని విని వాళ్లు విసిగిపోయారు.

అబ్బీకి కొంచెం నేపథ్యం తెలిసి వెళ్తే బాగుంటుంది. 657లో నార్తంబ్రియా (అప్పటి ఉత్తర ఇంగ్లండ్ రాజ్యం) రాజు ఓస్వియు స్థాపించాడు, మొదటి అధిపతి హిల్డ్ అనే స్త్రీ. స్త్రీలు, పురుషులు ఇద్దరూ ఉన్న మఠాన్ని ఆమె నడిపింది. 664లో ఇక్కడ జరిగిన సభలో తేలాల్సిన ముఖ్య విషయం, ఈస్టర్ పండగ ఏ రోజు చేసుకోవాలని. రాజు ఐరిష్ పద్ధతి లెక్క, రాణి రోమన్ పద్ధతి లెక్క. ఒకే ఇంట్లో ఒకరికి పండగ, ఇంకొకరికి ఇంకా ఉపవాసం. రెండు పంచాంగాలు రెండు తేదీలు చెప్పినప్పుడు మన ఇళ్లలో పడే గొడవే. చివరికి రాజు రోమ్ వైపు తీర్పు చెప్పాడు, ఇంగ్లండ్ చర్చి ఆ దారినే నడిచింది. ఇంగ్లీషులో పేరు తెలిసిన మొదటి కవి కాడ్మన్ ఇదే మఠంలో పశువుల కాపరి. మెట్ల తల దగ్గర ఆయన పేర 1898లో నిలిపిన రాతి శిలువ ఉంది.

అయితే ఇప్పుడు మీరు చూసేది హిల్డ్ నాటి కట్టడం కాదు. దాన్ని 9వ శతాబ్దంలో డేన్లు (డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన వైకింగులు) నాశనం చేశారు. ఇప్పటి గోడలు 13వ శతాబ్దంలో మొదలైన గోతిక్ చర్చివి. 1539లో ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాడు, 1830లో మధ్య గోపురం కూలింది, 1914 డిసెంబర్ 16న జర్మన్ యుద్ధనౌకలు పేల్చిన గుళ్లు పడమటి ముఖానికి తగిలాయి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, అబ్బీని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ సభ్యత్వం ఉంటే ఉచితం. పైన నీడ లేదు, గాలి విపరీతం. జులైలోనూ పెద్దవాళ్లకు స్వెట్టర్, చెవులకు మఫ్లర్ ఉండాల్సిందే. కింద ఎండగా ఉండగానే సముద్రం మీద నుంచి చల్లటి పొగమంచు కమ్ముకొస్తుంది, అక్కడివాళ్లు దాన్ని "ఫ్రెట్" అంటారు. వస్తే పది అడుగుల అవతల ఏమీ కనపడదు. అది కమ్మిన రోజున అబ్బీ టికెట్ డబ్బు దండగ, చర్చి చూసుకుని కింద ఊళ్లోని కెప్టెన్ కుక్ మ్యూజియంకి పోవడం నయం.

మధ్యాహ్నం చర్చ్ స్ట్రీట్‌లో పబ్బుకి వెళ్లండి. మందు తాగని పెద్దవాళ్లు పబ్బుకి రాకూడదనేం లేదు. పగటిపూట అక్కడ పిల్లలూ, తాతలూ, కుక్కలూ అందరూ ఉంటారు. లైమ్ అండ్ సోడా, ఆపిల్ జ్యూస్ అడిగినా ఎవరూ వింతగా చూడరు. మెట్ల మొదట్లో ఉన్న డ్యూక్ ఆఫ్ యార్క్‌లో కిటికీ పక్క బల్ల దొరికితే రేవంతా కనిపిస్తుంది, కాకపోతే పన్నెండు దాటితే దొరకదు. పాతదనం కావాలంటే బ్లాక్ హార్స్. చిన్నది, విక్టోరియా కాలపు బార్ కౌంటర్ అలాగే ఉంది. అదే వీధిలో వైట్ హార్స్ అండ్ గ్రిఫిన్ 17వ శతాబ్దపు సత్రం. ముగ్గురూ కూర్చుని తినాలంటే అందులో ముందే బల్ల చెప్పి ఉంచుకోండి.

పద్ధతి ఇదీ. బల్ల దగ్గర కూర్చుని ఎవరో వచ్చి అడుగుతారని చూస్తుంటే ఎవరూ రారు. ముందు బల్ల చూసుకుని దాని నంబర్ గుర్తుపెట్టుకోండి, కౌంటర్ దగ్గరికి వెళ్లి పానీయాలు, భోజనం రెండూ అక్కడే చెప్పి డబ్బు కట్టేయండి. కౌంటర్ ముందు క్యూ కనిపించకపోయినా వరస ఉంటుంది, మీకంటే ముందు వచ్చినవాళ్లెవరో చూసుకోవాలి. టిప్పు అవసరం లేదు. మీరు తాగేవారైతే చేతి పంపుతో తోడే ఏల్ (ఒక రకం బీరు) అడగండి. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, సగం పైంటూ ఇస్తారు, కొనేముందు రుచి చూపించమన్నా చూపిస్తారు. అది సుమారు 12 డిగ్రీల దగ్గర ఉంటుంది, చల్లగా లేదని తిప్పి పంపకండి. పులిసిన వెనిగర్ వాసన వస్తే మాత్రం చెప్పండి, మారుస్తారు. చాలాచోట్ల వంటగది రెండు, రెండున్నరకి మూసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు, ఆ లోపే తినాలి.

తిండి విషయంలో మనవాళ్లకు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. యార్క్‌షైర్‌లో చేపలు, చిప్స్ వేయించే సంప్రదాయ కొవ్వు బీఫ్ డ్రిప్పింగ్, అంటే గొడ్డుకొవ్వు. శాకాహారులు "ఉత్త చిప్సే కదా" అని తినేస్తారు. "వెజిటబుల్ ఆయిల్‌లోనే వేయిస్తారా?" అని ప్రతి షాపులో అడగండి. అవునన్నా, చేపలు వేయించిన నూనెలోనే చిప్స్ వేస్తారా అన్నది అమ్మగారి కోసం విడిగా అడగాల్సిన ప్రశ్న. ఆదివారం రోస్ట్‌తో ఇచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, అదీ గొడ్డుకొవ్వులో వండి ఉండొచ్చు. గ్రేవీ మాంసం రసంతో చేసింది కావచ్చు. బ్లాక్ పుడ్డింగ్ అయితే పంది నెత్తురుతో చేస్తారు. పేరులో పుడ్డింగ్ ఉందని తీపి పదార్థం అనుకోకండి. అమ్మగారికి జాకెట్ పొటాటో (తొక్కతో కాల్చిన బంగాళదుంప), బీన్స్ అన్నిటికంటే భద్రం. చేప తినేవాళ్లు కాడ్ కాకుండా హాడక్ తీసుకోండి, ఇక్కడివాళ్ల ఇష్టం అదే, తోలు తీసి వేయిస్తారు. బయట తినేటప్పుడు గోడకు వీపు ఆనించి నిలబడాలి, సీగల్ వెనకనుంచి వచ్చి చేతిలోది ఎత్తుకుపోతుంది.

మెట్లు దాటి హెన్రియెట్టా స్ట్రీట్‌లోకి నాలుగడుగులు వేస్తే ఫార్చూన్స్ అనే పొగగూడు, 1872 నుంచి ఉంది. హెర్రింగ్ చేపను వీపు వైపు చీల్చి, ఉప్పునీట నానబెట్టి, చెక్క పొగలో ఆరబెడతారు, దాన్ని కిప్పర్ అంటారు. హెర్రింగ్ మన కవళ్లకు దగ్గరి చుట్టం. రుచి ఎండుచేపలా ఉండదు, మెత్తగా, నూనెగా ఉంటుంది. ఇంట్లో పెనం మీద వేస్తే వాసన రెండు రోజులు పోదు. పొడవాటి జగ్గులో తోక పైకి ఉండేలా నిలబెట్టి, మరిగే నీళ్లు పోసి ఐదారు నిమిషాలు ఉంచితే చాలు.

ఊరి రెండు వైపులనూ కలిపే వంతెనకు ఇవతల, చర్చ్ స్ట్రీట్ వైపున గ్రేప్ లేన్‌లో సముద్ర అన్వేషకుడు కెప్టెన్ కుక్ మ్యూజియం. ఓడల యజమాని జాన్ వాకర్ ఇల్లు అది, 1746లో కుర్రవాడైన కుక్ ఇక్కడ పనికి కుదిరాడు. అటకకు వెళ్లే మెట్లు నిటారుగా ఉంటాయి, నాన్నగారు కింది గదులు చూసి ఆగొచ్చు. కుక్ ప్రపంచం చుట్టిన ఎండెవర్ 1764లో విట్బీలో బొగ్గు మోయడానికి కట్టిన ఓడ. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి ఒడ్డున ఇసుకలో కూర్చోబెట్టి బొగ్గు దించొచ్చు. ఆ చదునే 1770లో పగడపు దిబ్బకు గుద్దుకున్నాక ఒడ్డున నిలిపి బాగుచేసుకోవడానికి పనికొచ్చింది. ఈ వంతెన, పోటుకి రెండు గంటలు ముందూ వెనకా, గంటకీ అరగంటకీ ఓడల కోసం తెరుచుకోవచ్చు. అప్పుడు అవతలికి వెళ్లాల్సిన పని పెట్టుకోకండి.

రెండో రోజు రాబిన్ హుడ్స్ బే, స్టెయిత్స్ ఊళ్ల లోపలికి తీసుకెళ్లొద్దు. అందమైనవే, కానీ కార్ పార్కు నుంచి రేవుకి నిటారు దిగుడు, మళ్లీ ఎక్కాలి. బదులుగా రాబిన్ హుడ్స్ బేకి ఎగువన రోడ్డు పక్కనే ఉన్న పాత సెయింట్ స్టీఫెన్స్ చర్చి చూపించండి, 1822 నాటిది, సెయింట్ మేరీకి చెల్లెలిలా ఉంటుంది. అటు ఉత్తరాన లైత్ ఊరి చర్చిలో వైకింగ్ కాలపు చెక్కడపు రాళ్లు ఉన్నాయి. దాని కిందే సాండ్స్‌ఎండ్, చదునైన సముద్రతీరం. అక్కడి కొండలు బోసిగా ఎందుకున్నాయంటే పటిక కోసం తవ్వేశారు. మన పెడన, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు రంగు పట్టడానికి వాడే పటికే. ఇక్కడ రాతిని కుప్పలుగా పోసి నెలల తరబడి కాల్చి, నీళ్లలో నానబెట్టి, సముద్రపు నాచు బూడిదో, ఓడల్లో తెప్పించిన మనుషుల మూత్రమో కలిపి మరగబెట్టేవారు. ద్రావణం చిక్కబడిందా అని కోడిగుడ్డు వేసి చూసేవారు, తేలితే అయినట్టు. 1871లో ఆ పని ఆగిపోయింది.

తూర్పు కొండ కింద సాల్ట్‌విక్ వైపు ఇసుకలో మాత్రం నడవకండి. శిలాజాలు దొరుకుతాయని వెళ్లినవాళ్లను పోటు చుట్టుముట్టేస్తుంది, పైకి దారి ఉండదు. 1914 అక్టోబర్ 30న ఆ రాళ్ల మీదే రోహిల్లా అనే ఆసుపత్రి ఓడ విరిగింది. బ్రిటిష్ ఇండియా కంపెనీ మన దేశానికి ప్రయాణాల కోసం నడిపిన ఓడ అది. ఒడ్డు కనుచూపు మేరలోనే ఉన్నా 229 మందిలో 80 మందికి పైగా చనిపోయారు. చివరి 50 మందిని టైన్‌మత్ నుంచి వచ్చిన మోటారు లైఫ్‌బోట్ దించింది. వాళ్ల స్మారకం లార్పూల్ శ్మశానంలో ఉంది, కారు దగ్గరదాకా వెళ్తుంది.

రావడానికి లీడ్స్ నుంచి 840 కోస్ట్‌లైనర్ బస్సు ఉంది, కానీ మూడు గంటలు దాటుతుంది, పెద్దవాళ్లకు అలసట. కారైతే ఎ64 మీద మాల్టన్ దాకా, అక్కడినుంచి ఎ169. జులైలో పది దాటాక ఊళ్లోకి కారు వేసుకెళ్తే పార్కింగ్ కోసం తిరగడమే సరిపోతుంది, తొమ్మిదిన్నరకల్లా అబ్బీ పక్క కార్ పార్కులో ఉండేలా బయల్దేరండి. పార్కింగ్ డబ్బు అబ్బీ టికెట్‌లో కలవదు, విడిగా కట్టాలి.