కౌన్ బనేగా కరోడ్‌పతికి మేం చేసిన ఒకే ఒక్క ఫోన్

అడిగింది రెండు ముక్కలు. 2000లో అమితాబ్ బచ్చన్ హోస్టుగా కోటి రూపాయల హిందీ క్విజ్ షో కౌన్ బనేగా కరోడ్‌పతి టీవీలో మొదలైనప్పుడు, అందులో పాల్గొనడానికి నిజంగా ఫోన్ చేసి ప్రయత్నించినవాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉన్నారా, అమితాబ్ కాకుండా ఇంకెవరైనా చేసుంటే ఆ షో అంత ఆడేదా అని.

ఉన్నామండీ. చేసింది మా నాన్న, తెనాలి నుంచి, ఒక్కటంటే ఒక్కసారి. నేను అప్పుడు ఇంటర్ సెకండియర్.

ముందు ఇంటి పరిస్థితి చెప్పాలి. నాన్న గవర్నమెంటు ఆఫీసులో గుమస్తా, గ్రూప్-2 రెండుసార్లు రాసి రెండుసార్లూ కాస్తలో పోగొట్టుకున్న మనిషి. అప్పటికి పరీక్ష రాసే వయసు దాటిపోయినా ఆ పుస్తకాలు మాత్రం పారేయలేదు, రాజ్యాంగం పుస్తకం మంచం పక్కనే ఉండేది. జనరల్ నాలెడ్జి దండిగా ఉంది, హిందీ మాత్రం ఒక్క ముక్క రాదు. హిందీ వచ్చింది మా పిన్నికి, అదీ హిందీ ప్రచార సభ పరీక్షలు మధ్యమ దాకా పాసైనంత. బీఈడీ చేస్తూ మా ఇంట్లోనే ఉండేది. సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి తొమ్మిదయ్యేసరికి మా హాల్లో సీను ఏమిటంటే, అమితాబ్ అడుగుతాడు, పిన్ని తెలుగులో చెబుతుంది, నాన్న జవాబిస్తారు, ఈలోపు అక్కడ కుర్రాడు లైఫ్‌లైన్ (జవాబు తెలియనప్పుడు తీసుకునే సాయం) వాడేసుకుంటాడు. పిన్ని అసలు ఉత్సాహం పదిన్నరకొచ్చే అత్తాకోడళ్ళ సీరియల్ మీద (అదీ ఇదీ ఒకే రోజున మొదలయ్యాయి, జూలై 3న), కానీ బావగారి మాట కాదనలేక తొమ్మిదికే కూర్చునేది.

మరి టీవీలో జనం పాల్గొనడం కొత్తా అంటే పూర్తిగా కొత్త కాదు. అంతకుముందు దూరదర్శన్‌లో సురభి అనే కార్యక్రమం వచ్చేది, ప్రశ్నకి జవాబు కార్డు మీద రాసి పంపాలి. కార్డులు బస్తాలకొద్దీ వచ్చి పడేవి, తర్వాత తపాలా శాఖ పోటీల కోసమే విడిగా రెండు రూపాయల కార్డు తెచ్చింది. నాన్న అదీ రాశారు. కానీ కార్డు వేశాక అది ఎక్కడ పడిందో, ఎవరు చూశారో తెలియదు. ఫోన్ అలా కాదు, ఇప్పుడు చేస్తే ఇప్పుడే అవతల ఎవరో ఎత్తుతారు. అసలు ఈ షో పుట్టిందే ఫోన్ లోంచి. ఇంగ్లండులో 1998 సెప్టెంబర్‌లో మొదలైన ఒరిజినల్‌కి ఆలోచన వేసిన డేవిడ్ బ్రిగ్స్ అంతకుముందు లండన్ రేడియోలో ఫోన్ పోటీలు తయారుచేసేవాడు, దాని హోస్ట్ క్రిస్ టారంట్ కూడా ఆ రేడియోలో పొద్దుటి షో చేసినవాడే. జనం చేసే ఫోన్ కాల్స్ మీద వచ్చే డబ్బుతోనే బహుమతి డబ్బు చాలావరకు లాగాలన్నది అక్కడి లెక్క. ఈ లెక్క తెలిస్తే మా నాన్న ఫోన్ చేసుండేవారో లేదో!

సరే, ఫోన్ సంగతి. టీవీలో నంబర్ వేశారు, పిన్ని రాసుకుంది. మా ఇంట్లో ఉన్నది తిప్పే ఫోన్, నల్లది, బరువుగా ఉండేది. ఎన్నో ఎంగేజ్‌ల తర్వాత ఒక రాత్రి లైను కలిసింది. అవతల రికార్డు చేసిన గొంతు హిందీ కావాలంటే ఒకటి నొక్కండి అంది. ఏం నొక్కాలి? మా ఫోన్‌కి బటన్లు ఎక్కడివి? నాన్న వేలు పెట్టి ఒకటి తిప్పారు. కట్ మని ఒక చప్పుడు వచ్చింది, ఆ గొంతు మాత్రం చెప్పిందే మళ్ళీ చెప్పింది. మళ్ళీ తిప్పారు, ఈసారి లైనే పోయింది. విషయం ఏమిటంటే, తిప్పే ఫోన్ ఒకటికి ఒకసారి, ఐదుకి ఐదుసార్లు లైను తెంపి కలుపుతుంది, అది ఎక్స్చేంజీకి అర్థమవుతుంది. అవతల ఉన్న కంప్యూటర్‌కి కావలసింది బటన్ నొక్కితే వచ్చే కూత. పల్స్, టోన్ అని రెండు రకాలు ఉంటాయని మా వీధిలో చాలామందికి తెలిసిందే ఆ షో వల్ల. బటన్ల ఫోన్ ఉన్నవాళ్ళు కూడా కింద ఉండే చిన్న స్విచ్చి పల్స్ మీద ఉందో టోన్ మీద ఉందో తిరగేసి చూసుకునేవాళ్ళు.

దాంతో నాన్న చొక్కా వేసుకుని, పిన్నిని, నన్ను వెంటబెట్టుకుని పక్క వీధిలో మందుల షాపులో ఉన్న ఎస్టీడీ బూత్‌కి బయల్దేరారు. షాపాయన మమ్మల్ని చూసి "కరోడ్‌పతికేనా మాస్టారూ, టోన్‌లోనే పెట్టి ఉంచా" అన్నాడు, అంటే మాకంటే ముందే చాలామంది వచ్చి వెళ్ళారన్నమాట. అద్దాల గదిలో ముగ్గురం పట్టం, నేను తలుపు సగం తెరిచి నిలబడ్డా. మీటరు మీద ఎర్ర అంకెలు. ఎన్నోసారికో కలిసింది, ఒకటి నొక్కారు, ముందుకెళ్ళింది, ప్రశ్న వచ్చింది. రిసీవర్ పిన్ని చెవి దగ్గర.

పిన్ని చేత్తో మౌత్‌పీస్ మూసి "బావగారూ, మామూలుగా ఉన్నప్పుడు నీళ్ళలా ఉండే ధాతువు ఏది అంటున్నాడు" అంది.

"ధాతువేంటమ్మాయ్, ఆయుర్వేదమా? సప్తధాతువుల్లో నీళ్ళలా అంటే రసం."

"రసం లేదు బావగారూ. లోహా, తాంబా, పారా, సోనా."

"లోహమా? ఏ లోహం?"

"లోహమంటే ఇనుము. ధాతువంటే లోహం... అబ్బా, ఉండండి."

"లోహాల్లో ద్రవం అంటే పాదరసమే కదా, నొక్కెయ్!"

"పాదరసం ఎన్నో నంబరు?"

ఆ మాటతో అయిపోయింది. పారా అంటే పాదరసమని పిన్నికి తెలియదు, నాన్నకి వాళ్ళు ఏమంటున్నారో వినపడదు. రికార్డు గొంతు ఏదో మర్యాదగా చెప్పి పెట్టేసింది. బిల్లు ఇరవై ఆరు రూపాయలు. అమ్మకి పద్నాలుగని చెప్పాం. దారిలో నాన్న ఏం మాట్లాడలేదు, ఇంటి దగ్గరికి వచ్చాక మాత్రం "రసం అని నేను అన్నానా లేదా" అన్నారు.

ఇక రెండో ముక్క, అమితాబ్ లేకపోతే ఆడేదా అని. నా మటుకు నేను చెప్పేది, ఆడేది గానీ అలా ఆడేది కాదు. సెట్టు, లైట్లు, మ్యూజిక్ అంతా ఇంగ్లండు వాళ్ళు ఎలా చెబితే అలాగే చేయాలి, ఇక్కడివాళ్ళు మార్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ప్రశ్న పడగానే లైట్లు కిందికి వాలడం, పెద్ద మొత్తాల దగ్గర ఒక్కో ప్రశ్నకి మ్యూజిక్ శృతి ఒక్కో మెట్టు పైకి లేవడం, అందుకే మనకి తెలియకుండానే టెన్షన్ పెరుగుతూ పోవడం, అన్నీ ముందే రాసిపెట్టినవే. ఇదే ఆఖరి జవాబా అని అడగడం కూడా అందులో భాగమే, ఇక్కడ అది లాక్ చేయమంటారా అయింది. మరి అవన్నీ డబ్బుపెట్టి కొనుక్కోగలిగినప్పుడు మనిషి తేడా ఎక్కడ? ఆ ఏడాదే జీ టీవీ వాళ్ళు ఏకంగా పది కోట్లు పెట్టి అనుపమ్ ఖేర్, మనీషా కోయిరాలాలతో సవాల్ దస్ కరోడ్ కా తెచ్చారు. మా వీధిలో దాన్ని రెండు వారాలు చూసినవాళ్ళు కూడా లేరు. డబ్బు పెంచితే సరిపోదన్నమాట.

అందరూ గొంతు గొంతు అంటారు. గొంతు గొప్పదే, కాదనను. మాకు పని చేసింది మాత్రం "ఆప్". హిందీ రాని నాన్న కూడా మొదటి వారంలోనే పట్టుకున్న మాట అది. యాభై ఏడేళ్ళ మనిషి, అంత పెద్ద స్టార్, ఎదురుగా కూర్చున్న ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి మీరు అంటున్నాడు. "మా సెక్షన్ సూపర్నెంట్ నన్ను ఇరవై ఏళ్ళ నుంచి నువ్వంటున్నాడు" అన్నారు నాన్న ఒకసారి, ఊరికే అన్నట్టు. జవాబు తప్పయినప్పుడు అమితాబ్ వెంటనే తేల్చేసేవాడు కాదు, ఒక్క క్షణం ఆ మనిషి మొహం చూసి, ముందు చేయి ముందుకు పెట్టి అప్పుడు చెప్పేవాడు. గెలిచిన చెక్కు మీద పేరు తనే రాసి సంతకం పెట్టి ఇచ్చేవాడు, అది రాస్తున్నంతసేపూ మా హాల్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇంకోటి, అప్పటికి ఆయనే చితికిపోయి ఉన్నాడు. సొంత కంపెనీ ఏబీసీఎల్ మునిగి, అప్పులు నెత్తి మీద పడి, అంత హీరో టీవీకి దిగాడని చెప్పుకునే రోజులు. అందుకేనేమో 3,20,000 దగ్గర ఆగి ఇంటికి వెళ్ళిపోతానన్న గుమస్తాని చూసి ఎప్పుడూ నవ్వలేదు, సరైన నిర్ణయం అన్నట్టే పంపాడు. 2007లో షారుఖ్ చేశాడు, తెలివైనవాడు, సరదాగానే ఉంది, కానీ అక్కడ ప్రశ్న కంటే షారుఖే ఎక్కువ కనిపించాడు. నాకైతే నచ్చలేదు, నచ్చినవాళ్ళు కొట్టకండి.

2000 అక్టోబర్‌లో హర్షవర్ధన్ నవాథే కోటి గెలిచిన రాత్రి మాత్రం చెప్పకుండా ఉండలేను. ముంబై కుర్రాడు, సివిల్స్‌కి చదువుతున్నాడు. ఆఖరి ప్రశ్న, పార్లమెంటు కార్యకలాపాల్లో పాల్గొనడానికి రాజ్యాంగం వీళ్ళలో ఎవరిని అనుమతిస్తుంది అని. పిన్నికి సంసద్, సంవిధాన్ రెండూ వచ్చు, ఈసారి గబగబా చెప్పేసింది. ఆప్షన్లు తెరమీద పడకముందే నాన్న బనీనుతో కుర్చీలో ముందుకి వంగి "అటార్నీ జనరల్. ఎనభై ఎనిమిదో అధికరణం. మాట్లాడొచ్చు, ఓటు లేదు" అన్నారు. అక్కడ నవాథే ఎంత సేపు ఆలోచించాడో! మేం నలుగురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం, వాడు గెలవాలని కాదు, నాన్న చెప్పింది రైటు కావాలని. రైటే అయింది. అమితాబ్ అరిచాడు, కాగితాలు ఎగిరాయి, పిన్ని చప్పట్లు కొట్టింది. నాన్న లేచి లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి మాకు చూపించారు, నమ్మమేమోనని. అమ్మ "కోటి ఎలాగూ మనకివ్వడు గానీ, గేటు తాళం వేశారా" అంది.

తెలుగులో వచ్చేసరికి 2014 అయింది, మాటీవీలో నాగార్జునతో. నాన్న రిటైరై చాలా కాలమే అయింది. మొదటి ఎపిసోడ్ ఇద్దరం కలిసే చూశాం, పిన్ని లేదు, ఆవిడ కాపురం హైదరాబాదులో. నాగార్జున ప్రశ్న చదివాడు, నాన్న తల ఊపారు, ఇంకోటి చదివాడు, మళ్ళీ ఊపారు. ఐదారు ప్రశ్నలు అలా గడిచాయి. చెప్పండి నాన్నా, ఇప్పుడు తెలుగులోనే కదా అడుగుతున్నాడు అన్నాను.

"ప్రశ్న అర్థమవుతోందిరా. జవాబే గుర్తుకు రావట్లా" అని నవ్వారు. బ్రేకులో పిన్నికి ఫోన్ చేయమన్నారు. ఆవిడ ఎత్తగానే ఆయన మొదటి మాట, "అమ్మాయ్, పారా అంటే పాదరసం."