పిస్టల్‌కి ఒర అనవచ్చా?

సందేహం: నేను టెక్సస్‌లో ఉంటాను. నా పిస్టల్‌కి చర్మపు హోల్‌స్టర్ ఒకటి కస్టమ్‌గా చేయించుకుంటున్నాను. ఆ ముచ్చట తెలుగులో రాద్దామని కూర్చుంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఒర కత్తికే కదా? సంచి, తిత్తి, పొది వీటిలో ఏది సరి? కస్టమ్, ఫినిష్ లాంటివాటికి ఏమనాలి?

సమాధానం: ఒర అనే రాయండి. ఒక్క వస్తువు ఆకారానికి ఒదిగి దాన్ని బిగువుగా పట్టుకునేది ఒర, ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత అనేదీ అందుకే. మీ హోల్‌స్టర్ చేసే తీరు చూడండి, 3 మిల్లీమీటర్ల పైచిలుకు మందమున్న తోలుని (అక్కడ 8 ఔన్సుల తోలంటారు) తడిపి, పిస్టల్ నమూనా మీద వేసి, ఒంపు ఒంపునా నొక్కి ఆరబెడతారు, ఆరాక ఆ మోడల్‌కి కుదిరినట్టు ఇంకోదానికి కుదరదు. సంచిలో ఏదైనా పడేస్తాం, తిత్తి ఎటు నొక్కితే అటు పోతుంది, పొది అంటేనే లోపల నాలుగైదు ఉండాలి, అమ్ములపొదైనా మంగలి పొదైనా. కాకపోతే కత్తి దూశాడంటాం గానీ పిస్టల్ దూశాడంటే చెవికి ఎబ్బెట్టు, తీశాడంటే చాలు.

కస్టమ్‌కి విశేషణం వెతక్కండి. ‘వ్యక్తిగతీకరించిన’ అని పలికేలోపు పిస్టల్ తుప్పు పడుతుంది! ‘కొలతకి కుట్టించుకున్న ఒర’ అనండి, ఆ ‘ఇంచుకోవడం’లోనే అంతా ఉంది. అన్నట్టు టైలర్‌కి ఆది జాకెట్టు ఇస్తాం చూడండి, పైన చెప్పిన నమూనా చేసేదీ ఆ పనే, దాన్ని ఆది పిస్టల్ అంటే నాకైతే భలే నచ్చుతుంది.

ఫినిష్‌కి మాత్రం ఒక్క మాట కుదరదు. అద్దేది రంగు, అంచులు రుద్ది నున్నగా చేసేది మెరుగు, పైన బుట్ట అల్లికలా ముద్రలు కొట్టేది నగిషీ. చేసేవాడు ఏది అడుగుతున్నాడో చూసి ఆ మాట వాడండి. పిస్టల్ వెనక నుంచి వచ్చి బొటనవేలితో తోస్తే ఊడే పట్టీ ఉంటుందే, అది టిచ్ బటన్ పట్టీ. పిడి ముందుకి ఒరిగేలా 10, 15 డిగ్రీలు వంచి కుడతారు, దానికి వాలు చాలు. ఒంటివైపు ఎత్తుగా నిలిచే ముక్కని ‘చెమట అడ్డు’ అన్నా తెలుస్తుంది. ట్రిగ్గర్‌ని ట్రిగ్గర్‌గానే ఉంచండి, మీట అంటే స్విచ్చేమో అనుకుంటారు.

ఇంకొకటి, మీరు చర్మపు అని రాశారు. ఒంటి మీద ఉన్నది చర్మం, పదును చేశాక తోలు (‘తోలు తీస్తా’ అనే తిట్టు సంగతి వేరు). కేటలాగులో ‘వెజిటబుల్ ట్యాన్డ్’ అని కనిపిస్తే కూరగాయల తోలు అనేరు సుమా, మనవాళ్లు తంగేడు చెక్కతో చేసినట్టు చెట్టు బెరడుతో పదును చేసిందని దానర్థం. మీ ఒరకి అదే అడగండి, క్రోమ్‌తో (క్రోమియం లవణాలతో) పదును చేసింది మెత్తగా ఉండి నొక్కిన ఆకారం నిలవదు.