చీటీ డబ్బు కట్టేది చట్టానికి భయపడా, పరువుకు భయపడా?

"మనిషి లాభనష్టాలు చూసుకునే నడుస్తాడు కదా, మరి ఆర్థిక విధానాల చర్చలోకి నీతినీ కట్టుబాట్లనూ ఎందుకు లాగుతారు?" అని అడిగారు. నేను అర్థశాస్త్రం చదువుకోలేదు. కానీ చెన్నై విల్లివాక్కంలో మా వీధి చీటీలో ఏళ్ల తరబడి ఉన్నాను. మీరు అడిగినదానికి జవాబు నాకు అక్కడే దొరికింది.

ముందు లెక్క చూడండి. ఇరవై మంది, నెలకు 5,000, లక్ష రూపాయల చీటీ. అవసరం పడిన మనిషి మూడో నెల వేలంపాటలో లక్షకు బదులు 80,000 చాలని చీటీ పాడుకుంటాడు. మిగిలిన 20,000లో నడిపే ఆవిడ కమీషన్ 5,000 పోగా 15,000 అందరికీ పంచితే తలా 750. ఆ నెల 4,250 కడితే చాలు. ఇప్పుడు మీ లాభనష్టాల మనిషిని ఇక్కడ నిలబెట్టండి. డబ్బు చేతికొచ్చేసింది, ఇంకా పదిహేడు నెలలు కట్టాలి, రాసిచ్చిన కాగితం ముక్క కూడా లేదు. లెక్క ప్రకారం ఎగ్గొట్టడమే తెలివి. అయినా కడతారు.

ఇడ్లీ బండి నడిపే ఒకాయన ఇలాగే ముందు నెలల్లో పాడుకుని, తర్వాత జబ్బుపడి బండి ఆపేశాడు. ఆయన భార్య చెవి కమ్మలు తాకట్టు పెట్టి వాయిదా తెచ్చింది. చేతిరుమాలులో మడిచిన నోట్లు, వాటి మీద చిల్లర. "వచ్చే నెల ఇద్దువులే" అని చీటీ నడిపే అక్క అంటే, "వద్దక్కా, రేపు పిల్ల పెళ్లికి రావాల్సింది ఈ వీధి వాళ్లే కదా" అంది. ఇదీ లెక్కే! కాకపోతే బ్యాంకు పుస్తకంలో కనిపించని లెక్క.

ఆలస్యంగా కట్టేవాళ్లకు జరిమానా పెట్టవచ్చు కదా అని అక్కను ఒకసారి అడిగాను. "పెడితే అది నా ముందు పడేసి దర్జాగా పదిహేనో తారీఖున వస్తారు. ఇప్పుడైతే నా ముఖం చూడలేక ఐదో తారీఖునే ఇస్తున్నారు" అంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాల మీద ఉరి గ్నీజీ, ఆల్డో రుస్టికిని చేసిన పరిశోధన 2000లో అచ్చయింది. పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. తర్వాత జరిమానా ఎత్తేసినా పాత పద్ధతి తిరిగి రాలేదు. సిగ్గుపడాల్సిన పని డబ్బిచ్చి కొనుక్కునే సేవగా మారిపోయింది. మా అక్క ఈ పరిశోధన సంగతి వినను కూడా వినలేదు.

అయితే పరువే అన్నిటినీ కాపాడుతుందని నేను అనను. మా అత్తగారు పక్క వీధిలో దీపావళి చీటీ కట్టారు. నెలనెలా కడితే పండక్కి మిఠాయిలు, టపాసులు, కాస్త బంగారం ఇస్తామన్నారు. పండగకు ముందే నడిపే మనిషి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. రసీదు ఎందుకు తీసుకోలేదంటే, "అడిగితే నమ్మకం లేదనుకుంటారని" అన్నారు. కట్టేవాళ్ల చేత సక్రమంగా కట్టించే మొహమాటమే మోసగాడికి కూడా గొడుగు పట్టింది.

చట్టం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. 1982 నాటి కేంద్ర చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీకి ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. పాట జరిగేటప్పుడు కనీసం ఇద్దరు సభ్యులు ఉండాలి. నడిపేవాళ్లు చీటీ మొత్తానికి సమానమైన హామీ చూపాలి. వాళ్ల కమీషన్‌కు మొదట 5 శాతం పరిమితి ఉండేది. 2019 సవరణలో అది 7 శాతమైంది. మనం నోరు తెరిచి అడగలేని ప్రశ్నలన్నీ చీటీలను నమోదు చేసే ప్రభుత్వ అధికారి, అంటే రిజిస్ట్రార్, మన తరఫున అడుగుతాడు, ఎవరి పరువూ పోదు.

చిక్కేమిటంటే, లక్ష చీటీ నడపడానికి లక్ష హామీగా కట్టగలిగితే మా అక్కకు చీటీ నడపాల్సిన అవసరమే ఉండదు. కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన ఆమెను చట్టం బయటే నిలబెట్టింది. రేపు ఎవరైనా ఎగ్గొడితే ఆమె ఫిర్యాదు కూడా చేయలేదు. ఒకప్పుడు 100 రూపాయల లోపు చీటీలకే మినహాయింపు ఉండేది. ఆ పరిమితి నిర్ణయించే అధికారం 2019 సవరణ రాష్ట్రాలకు ఇచ్చింది. నన్నడిగితే, ఉత్త మినహాయింపు కన్నా చిన్న చీటీలకు నామమాత్రపు రుసుముతో నమోదు, ముద్రించిన పాసుపుస్తకం ఇస్తే మేలు.

అంతవరకూ మీరు వీధి చీటీ కడుతుంటే ప్రతి నెలా ఒక నోటుపుస్తకంలో సంతకం పెట్టించుకోండి. అడగడానికి మొహమాటమైతే, ఇంట్లో మా ఆయన లెక్క చూపించమంటున్నారని చెప్పండి. నేను చెప్పేది అదే. ఆయన ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదనుకోండి.