ఏఐ మోసాల నుంచి బడిని కాపాడుకోవాలంటే ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న చదివాను సార్. దేవరకొండ దగ్గర 400 మంది పిల్లలున్న ప్రైవేటు హైస్కూలు, ఆఫీసులో 2 కంప్యూటర్లు, ల్యాబులో 10, ఒక వైఫై రూటర్, 8 సీసీ కెమెరాలు. ఏఐ దాడుల్ని ఆపుతుందని ఒక సెక్యూరిటీ ప్యాకేజీ కొనమంటున్నారు, కొనాలా అని అడిగారు.

ఇప్పుడే కొనకండి. మీలాంటి బడికి ప్రమాదం ఎక్కువగా ఫోన్ కాల్‌లో, పాస్‌వర్డ్‌లో, గ్రూపులో పెట్టిన ఫొటోలో ఉంటుంది. వాటికి ఏ ప్యాకేజీ కాపలా కాయదు. కంప్యూటర్లకు విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ సరిపోతుంది, ఎవరూ దాన్ని ఆఫ్ చేయకుంటే.

ఏఐ వచ్చాక మారింది ఏమిటంటే, నిన్నమొన్నటిదాకా దొంగ మెసేజ్‌ని అందులోని తెలుగే పట్టిచ్చేది. వంకర వాక్యం చూడగానే అనుమానం వచ్చేది. ఇప్పుడు డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు ప్రొసీడింగ్స్ ఎట్లా ఉంటాయో అట్లాగే, ఆర్‌సీ (ఫైలు) నంబరుతో, ‘తక్షణమే సమర్పించగలరు’తో సహా ఒక్క తప్పు లేకుండా తయారవుతుంది. గొంతు సంగతీ అంతే. యాన్యువల్ డే వీడియోలో మీరు మాట్లాడిన కొన్ని సెకన్లు దొరికితే చాలు, మీ గొంతుతో ఏ మాటైనా పలికించొచ్చు. అందుకే భాష బాగుందనో, గొంతు మనవాళ్లదేననో, డీపీలో ఫొటో ఉందనో నమ్మడం మానేయాలి. వచ్చిన మాటను వేరే దారిలో సరిచూసుకున్నామా లేదా, అదొక్కటే చూడాలి.

పైసల దగ్గర ఈ నియమం కాగితం మీద రాసి అకౌంటెంట్ టేబుల్ మీద అతికించండి. ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో పైసలు పంపమని ఎవరు చెప్పినా, అది కరస్పాండెంట్ గొంతైనా, వీడియో కాల్‌లో ముఖం కనబడినా, ముందు ఫోన్ పెట్టేయాలి. తర్వాత రిజిస్టరులో ఉన్న నంబరుకు తనే చేసి అడగాలి. వచ్చిన నంబరుకు తిరిగి చేయడం సరిచూసుకోవడం కాదు. ‘మీటింగులో ఉన్నా, మళ్లీ ఫోన్ చేయకు, పది నిమిషాల్లో పంపు’ అన్నారంటే నూటికి తొంభై పాళ్లు మోసమే. పుస్తకాలవాళ్లో యూనిఫాం వాళ్లో బ్యాంకు ఖాతా మారిందని చెబితే ఒక రోజు ఆగి, ఇద్దరు సంతకం పెట్టాకే కొత్త ఖాతాకు వేయండి. ఇంకో మాట: నిజంగానే మీరు చేసిన ఫోన్‌ని అకౌంటెంట్ కట్ చేస్తే ఒక్క మాట కూడా అనొద్దు. ఒక్కసారి కసురుకున్నారంటే రెండోసారి ఆయన కట్ చేయడు, నియమం అక్కడితో ఆగిపోతుంది.

తల్లిదండ్రుల వైపు ఇంకా జాగ్రత్త కావాలి. మన దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు చాలామంది పిల్లల అమ్మానాన్నలు హైదరాబాదులోనో ముంబైలోనో పనికి పోయి ఉంటారు. పిల్లలు తాతా నానమ్మల దగ్గర. ‘మీ బాబుకు బడిలో దెబ్బ తగిలింది, ఆస్పత్రికి పైసలు పంపండి’ అని ఏడుపు గొంతుతో ఫోన్ వస్తే అంత దూరంలో ఉన్న తండ్రి ఆగి ఆలోచించలేడు. దానికి మందు ముందే వేయాలి. డైరీ మొదటి పేజీలో బడి నంబరు ఒకటే అచ్చు వేయించండి, ఫీజు క్యూఆర్ కోడ్ కూడా అక్కడే. ‘ఈ నంబరు తప్ప వేరే నంబరు నుంచి బడి పైసలు అడగదు, గ్రూపులో ఎప్పుడూ క్యూఆర్ పెట్టదు’ అని కింద రాయండి. చదువు రాని వాళ్లుంటారు కాబట్టి పేరెంట్స్ మీటింగులో నోటితో చెప్పాలి, ఫోన్ వస్తే అడిగి సరిచూసుకోవడానికి ప్రతి ఇంటివాళ్లూ పిల్లతో ఒక రహస్య మాట అనుకోమనాలి. ఆఫీసు కిటికీకి అంటించిన క్యూఆర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించిపోయే వాళ్లూ ఉన్నారు. రోజూ పొద్దున ఒక్క రూపాయి స్కాన్ చేసి బడి పేరే వస్తుందో లేదో చూడటం అటెండరుకు అప్పజెప్పండి. సర్కారు బడుల టీచర్లు కూడా ఇది చదువుతుంటే: పేదింటి పిల్లలకు పరీక్ష పెట్టి ఇచ్చే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా పిల్లల ఖాతాలో పడుతుంది. దానికి ఎవరికీ ఓటీపీ చెప్పే పని లేదు, ఏపీకే ఫైలు (ప్లేస్టోర్ బయటి నుంచి వచ్చే యాప్) దించుకునే పని అసలే లేదు.

ఇప్పుడు లాగిన్లు. యూడైస్ (బడుల, పిల్లల వివరాలు ఎక్కించే సర్కారు పోర్టల్), ఎస్సెస్సీ నామినల్ రోల్స్ (పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితా), స్కాలర్‌షిప్ పోర్టల్. ఈ మూడింటిలో ప్రతి పిల్ల పుట్టినతేదీ, ఆధార్, తల్లిదండ్రుల ఫోన్ నంబరు ఉంటాయి. చాలా బడుల్లో పాస్‌వర్డ్ బడి పేరు, పక్కన 123. అదే పాస్‌వర్డ్ అన్నింటికీ. చివరి తేదీ దగ్గర పడ్డాక నెట్ కరెంటు రెండూ పోయి, టౌనులో నెట్ సెంటరుకు పోయి అప్‌లోడ్ చేస్తారు. అక్కడ బ్రౌజరు ‘పాస్‌వర్డ్ సేవ్ చేయనా’ అంటే ఎవరో సరే నొక్కుతారు. అంతే, ఆ షాపుకు వచ్చే ప్రతివాడికీ మీ లాగిన్ ఉన్నట్టే. తప్పనిసరై పోతే బ్రౌజరు ఏదీ గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి, లాగౌట్ చేయండి, డౌన్‌లోడ్స్‌లో మీ ఫైళ్లు తీసేయండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. బడికి వచ్చాక ఆ పాస్‌వర్డ్ మార్చేయండి. ఆధార్ జిరాక్సులు వాట్సాప్‌లో తెప్పించుకోకండి. చూపితే సరిపోయే చోట చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి.

పాస్‌వర్డ్ ఎట్లా ఉండాలంటే, సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఒక అంకె. పోర్టల్‌కో పాస్‌వర్డ్. గుర్తుండవు కాబట్టి పుస్తకంలో రాసి బీరువాలో తాళం వేయండి, మానిటరుకు అంటించకండి. బడి జీమెయిల్‌కు రెండంచెల ధృవీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా ఒప్పుకోవాల్సిన పద్ధతి) ఈ రోజే పెట్టండి. ఆ మెయిల్ పోతే దాంతోనే మిగతా అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చేస్తారు. 2024 డిసెంబరులో అమెరికా, కెనడా బడుల డేటా దాచే పవర్‌స్కూల్ అనే సంస్థలో లక్షలాది పిల్లల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి వచ్చింది దొంగిలించిన ఒక లాగిన్‌తో. అంత పెద్ద చోట కూడా తలుపు అదే. ఉద్యోగం మానేసిన క్లర్కు ఫోన్‌కే ఇంకా ఓటీపీలు పోతున్నాయేమో కూడా చూడండి, ఇది చాలా చోట్ల ఉండే లోపం.

వాట్సాప్‌కు కూడా సెట్టింగ్స్, అకౌంట్‌లో 6 అంకెల టూ స్టెప్ పిన్ పెట్టండి. నెలకోసారి లింక్డ్ డివైసెస్ తెరిచి తెలియనివి తీసేయండి. మామూలు గ్రూపులో పేరెంట్స్ నంబర్లు అందరికీ కనబడతాయి. కమ్యూనిటీ చేసి అనౌన్స్‌మెంట్ గ్రూపులో పెడితే అడ్మిన్లకే కనబడతాయి.

ఫొటోల గురించి గట్టిగా చెప్పాలి. బతుకమ్మకు, యాన్యువల్ డేకు ఆడపిల్లల ఫొటోలు దగ్గరగా తీసి, పేరు, తరగతి రాసి ఫేస్‌బుక్ పేజీలో పెడుతున్నారు. ఒక్క స్పష్టమైన ముఖం ఉంటే చాలు, దాన్ని అసభ్య చిత్రంగా మార్చే యాప్‌లు అందుబాటులో ఉన్నాయి, ఆ పని చేసేది తరచూ పక్క బెంచీ పిల్లవాడే. దూరం నుంచి తీసిన గుంపు ఫొటోలు పెట్టండి, పేర్లు వద్దు, పాత ఆల్బంలు తీసేయండి. తొమ్మిది, పది తరగతుల్లో మగపిల్లలకు ఇది ఆట కాదని, ఐటీ చట్టం 67బి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద కేసు అవుతుందని సూటిగా చెప్పండి. అట్లాంటిది జరిగితే ఆ చిత్రాన్ని ‘ఆధారం’ అని టీచర్ల గ్రూపులో పంపొద్దు, పంపడమూ నేరమే. ఎవరు, ఏ ఖాతా, ఎన్ని గంటలకు అన్నది రాసుకుని పోలీసులకు ఇవ్వండి. 18 ఏళ్లలోపు పిల్లల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం ఎక్కడికీ పంపకుండానే దాని డిజిటల్ గుర్తు మాత్రం తీసుకుని, అందులో చేరిన సోషల్ మీడియా సంస్థలు తొలగించేలా చేస్తుంది. అన్నింటికన్నా ముందు ఆ పిల్లతో తప్పు నీది కాదని చెప్పే పెద్దమనిషి ఒకరుండాలి. చైల్డ్‌లైన్ 1098.

కంప్యూటర్లలో విండోస్ 10 ఉంటే దాని మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ల్యాబువి పాత మెషీన్లయి విండోస్ 11 ఎక్కకపోతే, విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ మింట్ 4 జీబీ ర్యామ్ మీద బాగా నడుస్తుంది. ఆఫీసు మెషీన్‌లో రోజూ పని చేసే ఖాతా అడ్మిన్‌ది కాకూడదు. పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్ క్రాక్ (దొంగ) కాపీలు వేసేటప్పుడు ‘యాంటీవైరస్ ఆపండి’ అంటుంది చూడండి, వైరస్ వచ్చేది అక్కడే. జిరాక్స్ షాపుకు ప్రశ్నపత్రం పెన్‌డ్రైవ్‌లో పంపితే తిరిగొచ్చాక స్కాన్ చేయకుండా తెరవొద్దు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా కనబడితే డబుల్ క్లిక్ చేయకండి, ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి.

బ్యాకప్‌కు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు. శుక్రవారం సాయంత్రం ఒకదాంట్లో కాపీ చేసి, కేబుల్ పీకి, కరస్పాండెంట్ ఇంటికి. వచ్చే శుక్రవారం రెండోది. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కు బ్యాకప్ కిందికి రాదు, ఫైళ్లకు తాళం వేసి పైసలు అడిగే వైరస్, రాన్సమ్‌వేర్, దాన్నీ కలిపి తాళం వేస్తుంది. మూడు నెలలకోసారి ఐదు ఫైళ్లు తెరిచి చూడండి. డిస్కు కొన్నాక ఎప్పుడూ తెరిచి చూడకపోవడమే అందరూ చేసే తప్పు.

రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సౌకర్యం) ఆపి, ల్యాబుకు వేరే వైఫై పేరు పెట్టండి. రూటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరును చిరునామాగా మార్చే సేవ) దగ్గర 1.1.1.3, 1.0.0.3 వేస్తే అసభ్య, ప్రమాదకర సైట్లు చాలావరకు ఆగుతాయి, ఖర్చు లేదు. సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టెకు (డీవీఆర్) కంపెనీ పాస్‌వర్డే ఉంటే ఈ సాయంత్రమే మార్చండి.

టీచర్లు మార్కుల లిస్టు, ప్రోగ్రెస్ కార్డు రిమార్కులు చాట్‌జీపీటీలో పెడుతుంటే పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు తీసి రోల్ నంబరుతో పెట్టమనండి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది.

పైసలు పోతే మొదటి పని 1930కి ఫోన్. బ్యాంకుకు పోయి లైన్లో నిలబడటం తర్వాత. యూపీఐ చెల్లింపు వివరాల్లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు చేతిలో పెట్టుకోండి. పైసలు ఇంకో ఖాతాకు దాటేలోపు చెబితేనే ఆపగలుగుతారు. రాన్సమ్‌వేర్‌తో కంప్యూటరుకు తాళం పడితే ల్యాన్ (నెట్) కేబుల్ పీకి, వైఫై ఆపి, తెర మీది మెసేజ్‌ని ఫోన్‌తో ఫొటో తీయండి. ఫార్మాట్ చేయడానికి ఎవర్నీ పిలవకండి, పైసలు కట్టకండి. కంప్యూటర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్ట్-ఇన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949. వాళ్ల 2022 ఏప్రిల్ ఆదేశాల్లో దాడి సంగతి తెలియజేయడానికి ఇచ్చిన గడువు 6 గంటలే. ఈ రెండు నంబర్లు డైరీ నంబరు పక్కనే రాసిపెట్టండి, ఎందుకంటే ఆ సమయానికి నెట్ ఉండదు, కంప్యూటరూ తెరుచుకోదు.