పాలపళ్ల పుచ్చు, ఫ్లోరైడు భయం

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. పై వరుసలో ముందున్న నాలుగు పళ్లకూ చిగుళ్ల దగ్గర గోధుమరంగు మచ్చలు వచ్చాయి, ఒక పన్ను అంచు కూడా విరిగింది. రాత్రి చక్కెర కలిపిన పాలసీసా నోట్లో ఉంటే గాని నిద్రపోదు. ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి’ అని మా అత్తగారు అంటున్నారు. ఫ్లోరైడు పేస్టుతో తోమమని తెలిసినవారు చెప్పారు గాని, ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవారిని చూస్తూ పెరిగినదాన్ని కావడంతో ధైర్యం చాలడం లేదు.
– ఒక పాఠకురాలు, మర్రిగూడ మండలం, నల్గొండ జిల్లా

జవాబు: పాప కింది వరుసలోని ముందు పళ్లు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. అవి బాగానే ఉండి పై పళ్లు మాత్రమే పుచ్చితే, కారణం రాత్రి సీసాయేనని దాదాపుగా చెప్పవచ్చు. పాలు చప్పరించేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పి ఉంచుతుంది, పాలు చేరేది పై పళ్ల దగ్గరే. పళ్లపై పాచిలో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. నోటిలో పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కన్నా తగ్గితే, పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. పగలైతే లాలాజలం అరగంటా గంటలో ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను కొంతవరకు తిరిగి చేరుస్తుంది. నిద్రలో లాలాజలం ఊరడమే బాగా తగ్గిపోతుంది కాబట్టి, చక్కెర కలిపిన పాలు రాత్రంతా పళ్లను అంటిపెట్టుకుని ఉంటాయి. ముందు చక్కెర మానేయండి. తరువాత రోజురోజుకూ పాలు తగ్గించి నీళ్లు పెంచుతూ వెళ్తే, కొద్ది రోజుల్లో సీసాలో మంచినీళ్లే మిగులుతాయి. ఏడుపు తప్పదు, ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉండాలి.

మీ అత్తగారి మాట ముందు పళ్ల వరకు కొంత నిజమే, అవి ఆరేడేళ్లకు ఊడతాయి. అయితే పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల వరకు ఉండి, కింద తయారవుతున్న శాశ్వత పళ్లకు చోటు కాపాడుతాయి. పుచ్చు లోతుకు దిగి చీము పడితే ఆ కింది పళ్లకూ హాని జరగవచ్చు. నొప్పితో నమలలేని పిల్ల సరిగా తినదన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఫ్లోరైడు. నల్గొండ జిల్లాలో పుట్టినవారెవరికైనా ఈ సందేహం రావలసిందే, దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అయితే మీ ఊరి పెద్దల ఎముకలను దెబ్బతీసింది ఏళ్ల తరబడి తాగిన నీళ్లతో ఒంట్లో చేరిన ఫ్లోరైడు; పేస్టులోది పంటి పైపొరపై పనిచేసి, కరిగిన ఎనామిల్ మళ్లీ గట్టిపడటానికి తోడ్పడుతుంది. లెక్క చూడండి: 1000 పీపీఎం పేస్టు అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు. మూడేళ్ల లోపు పిల్లలకు వాడవలసింది బియ్యపుగింజంత, అంటే సుమారు 0.1 గ్రాము, అదంతా మింగినా లోపలికి పోయేది 0.1 మిల్లీగ్రామే. తాగేనీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాబట్టి మీరు జాగ్రత్తపడవలసింది మొదట నీటి విషయంలో. మిషన్ భగీరథ నీరే తాగుతున్నారా, ఇంకా బోరు నీళ్లు వాడుతున్నారా అన్నది చూసుకోండి. బోరు నీళ్లయితే పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని దంతవైద్యులకు చూపి పేస్టు సంగతి నిర్ణయించుకోండి. ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఫ్లోరైడు ఎక్కువగా మింగితే శాశ్వత పళ్లపై మచ్చలు వస్తాయి కనుక, పేస్టు గొట్టాన్ని పాప చేతికి ఇవ్వకండి. బొమ్మలు వేసి అమ్మే పిల్లల పేస్టుల్లో కొన్నింటిలో ఫ్లోరైడే ఉండదు, పెట్టెపై చదివి కొనండి.

పాప తల మీ ఒడిలో పెట్టుకుని, పై పెదవి ఎత్తి, చిగురు అంచు వెంట పొద్దునా రాత్రీ మీరే తోమాలి. రాత్రి తోమాక నీళ్లు తప్ప మరేదీ వద్దు. విరిగిన పన్నును వెంటనే చూపించండి. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడు అనే మందు పూస్తే మత్తు, డ్రిల్లు లేకుండానే చాలాసార్లు పుచ్చు ఆగుతుంది. ఆ చోటు నల్లబడుతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి.

ప్రశ్న: నా వయసు 66. బీపీకి, నిద్రకు మాత్రలు వేసుకుంటాను. నోరు ఎండిపోతుందని పిప్పరమెంట్లు చప్పరిస్తుంటాను. రోజూ వేపపుల్లతో తోముతున్నా చిగుళ్ల దగ్గర పళ్లు పుచ్చుతున్నాయి, ఎందుకు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కారణం ఆ పిప్పరమెంట్లే కావచ్చు. తిన్న తీపి ఎంత అన్నదానికన్నా, రోజులో ఎన్నిసార్లు నోట్లో పడిందన్నదే పళ్లకు ముఖ్యం. గంటకొకటి చప్పరిస్తే లాలాజలానికి కోలుకునే వ్యవధి దొరకదు, పైగా కొన్ని మాత్రల వల్ల మీకు ఊరేదే తక్కువ కావచ్చు. చిగుళ్లు దిగి బయటపడిన పంటి వేరు ఎనామిల్ కన్నా మెత్తనిది, త్వరగా కరుగుతుంది. వేపపుల్ల పాచిని కొంత తీస్తుంది గాని వేరును గట్టిపరచదు, గట్టిగా రుద్దితే అరగదీస్తుంది కూడా. మెత్తని బ్రష్షు, ఫ్లోరైడు పేస్టు రెండు పూటలా వాడండి. తోమాక నురగ ఉమ్మేయండి, వెంటనే నీళ్లతో పుక్కిలించకండి. తీపి లేని చూయింగ్ గమ్, తరచూ గుక్కెడు మంచినీళ్లు నోటిని తడిగా ఉంచుతాయి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, నోరు ఎండుతున్న సంగతి వాటిని రాసిన వైద్యులకు చెప్పండి.