తేనెటీగలు తగ్గిపోవడానికి సెల్ టవర్లేనా కారణం?

టవర్ల మీద నింద వేయడం తేలికే గానీ, దానికి గట్టి రుజువు లేదు. పెంపుడు యూరప్ తేనెటీగలకు పెద్ద శత్రువు వరోవా అనే నల్లి. నిజానికి ఇది మన ఆసియా తేనెటీగల మీద బతికేది. ఇవి దాన్ని చాలావరకు దులిపేసుకుంటాయి, యూరప్ జాతికి ఆ నేర్పు తక్కువ. పైగా ఆ నల్లి రెక్కలు వంకరపోయే వైరస్‌ను కూడా ఎక్కిస్తుంది.

తర్వాత పురుగుమందులు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి మొక్కంతా పాకి పుప్పొడిలోకీ చేరతాయి. ఈగ వెంటనే చావకపోయినా గూటికి దారి తప్పుతుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2018లో ఇలాంటి మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. ఇంకోటి, ఎటు చూసినా ఒకే పంట వేస్తే, పూత అయిపోగానే తేనెటీగలకు తిండి కరువు.

అన్నట్టు, ప్రపంచం మొత్తం మీద పెంపుడు తేనెపట్టుల సంఖ్య గత కొన్ని దశాబ్దాల్లో పెరిగింది. ఎక్కువ దెబ్బ తింటున్నది ఎవరూ పట్టించుకోని అడవి జాతులే.